రిజిస్ట్రేషన్ ఆరంభం మాత్రమే: ఏఎన్ఎంల వృత్తి ప్రమాణాలు, నిరంతర విద్య

(ప్రత్యేక వ్యాసం)

గ్రామీణ ప్రజలకు ప్రభుత్వ వైద్య, ఆరోగ్య వ్యవస్థతో తొలి పరిచయం కలిగేది ఆరోగ్య ఉపకేంద్రంలోనే. మైదాన ప్రాంతాలలో 5,000 మంది జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000 మంది జనాభాకు ఒకటి చొప్పున ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. అక్కడ గర్భిణి పేరు నమోదు చేసేది, రక్తపోటు పరీక్షించేది, పసిబిడ్డకు టీకా వేసేది, బాలింత ఇంటికి వెళ్లి పరామర్శించేది ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్, అనగా ఏఎన్ఎం. పల్లెలలో ఆమెను ‘నర్సమ్మ’ అని పిలుచుకోవడం అందరికీ తెలిసినదే.

ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సుకు సందేహం కలిగితే ప్రక్క గదిలో వైద్యుడు ఉంటారు. ఉపకేంద్రంలోని ఏఎన్ఎంకు ఆ వెసులుబాటు లేదు. కాన్పు అనంతరం అధిక రక్తస్రావం మొదలైన తల్లికి తగిన చికిత్స అందకపోతే రెండు గంటలలోపే ప్రాణాపాయం సంభవించవచ్చునని వైద్యులు చెబుతారు. 108 వాహనం చేరే వరకు ఆ తల్లి ప్రాణం ఏఎన్ఎం చేతిలోనే ఉంటుంది. ఆమె ఏనాడో పొందిన ధ్రువపత్రం ఆ క్షణంలో సరిపోదు. ఆనాటికి ఆమెకు ఉన్న పరిజ్ఞానమే తల్లిని కాపాడుతుంది.

అందువలన ఏఎన్ఎంల వృత్తి ప్రమాణాలు, నిరంతర విద్య అనే అంశాన్ని కేవలం ఉద్యోగుల సర్వీసు వ్యవహారంగా భావించరాదు. అది ప్రజల ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. ఈ నేపథ్యంలో చట్టం ఏమి నిర్దేశిస్తున్నది, నిరంతర విద్య ఎందుకు అనివార్యమైనది, క్షేత్రస్థాయిలో అధికారులు శ్రద్ధ వహించవలసిన అంశాలేమిటి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

ఏఎన్ఎం అంటే ఎవరు?

భారతదేశంలో ఏఎన్ఎం శిక్షణ 1950వ దశకం ఆరంభంలో మొదలైంది. ప్రసూతి సేవలు, తల్లీబిడ్డల సంరక్షణ ఆనాటి ప్రధాన లక్ష్యం. 1973లో నివేదిక సమర్పించిన కర్తార్ సింగ్ కమిటీ, వ్యాధులవారీగా వేర్వేరు సిబ్బందిని నియమించే పద్ధతికి బదులు, అన్ని ఆరోగ్య సేవలను ఒకే కార్యకర్త అందించే విధానాన్ని సూచించింది. తత్ఫలితంగా ఏఎన్ఎం ‘మహిళా బహుళార్థ ఆరోగ్య కార్యకర్త’గా మారారు. తెలుగు రాష్ట్రాలలో ఉద్యోగ ప్రకటనలలో కనిపించే ‘మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ (ఫిమేల్)’ అనే హోదాకు మూలం ఇదే.

భారతీయ నర్సింగ్ మండలి పాఠ్య ప్రణాళిక ప్రకారం ఏఎన్ఎం కోర్సు కాలపరిమితి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి రెండు సంవత్సరాలు. పూర్వం పదవ తరగతి ఉత్తీర్ణత సరిపోయేది. తరువాత 10+2 విద్యార్హత నిర్దేశించబడింది. తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ వృత్తివిద్య విభాగంలో ఈ కోర్సును పూర్తి చేసినవారు ఒక సంవత్సరం పాటు ఆసుపత్రిలో క్లినికల్ శిక్షణ పొంది, రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదైన తరువాత నియామకానికి అర్హులవుతారు.

ఇతర దేశాలలోనూ నర్సింగ్ వృత్తిలో ఇటువంటి అంచెలు ఉన్నాయి. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుకు తరువాతి అంచెగా ‘లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు’ ఉంటారు. కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాలలో వీరిని ‘లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు’ అంటారు. వీరు కోర్సు ముగించి, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్షలో ఉత్తీర్ణులైతేనే లైసెన్సు లభిస్తుంది. ఆ లైసెన్సును కొనసాగించడానికి కాలిఫోర్నియాలో రెండేళ్లకొకసారి 30 గంటలు, టెక్సాస్‌లో రెండేళ్లకొకసారి 20 గంటల నిరంతర విద్య పూర్తి చేయవలసి ఉంటుంది.

అయితే ఈ రెండు వృత్తులూ ఒకటి కావు. ప్రాక్టికల్ నర్సు ప్రధానంగా రోగి పడక వద్ద, రిజిస్టర్డ్ నర్సు లేదా వైద్యుని పర్యవేక్షణలో సేవలు అందిస్తారు. ఏఎన్ఎం ప్రధానంగా సమాజంలో, చాలావరకు ఒంటరిగా, ప్రసూతి, టీకా సేవలు అందిస్తారు. ఇక్కడి ఏఎన్ఎం ధ్రువపత్రం అక్కడి లైసెన్సుకు సమానం కాదన్న సంగతిని విదేశీ ఉద్యోగాలకు ఆశపడే యువతులు గమనించాలి. పర్యవేక్షణలో పనిచేసే నర్సుకే లైసెన్సు పునరుద్ధరణకు నిరంతర విద్య తప్పనిసరి చేసినప్పుడు, ఒంటరిగా నిర్ణయాలు తీసుకోవలసిన ఏఎన్ఎంకు దాని ఆవశ్యకత మరింత అధికమని వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టం ఏమి చెబుతున్నది?

నర్సుల నమోదుకు తెలుగునాట సుదీర్ఘ చరిత్ర ఉన్నది. నాటి మద్రాసు రాష్ట్రంలో 1926లోనే నర్సులు, మంత్రసానుల చట్టం రూపొందింది. ఆంధ్ర ప్రాంతం ఆనాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైనందున ఆ చట్టమే ఇక్కడి నర్సింగ్ మండలికి పునాది అయినది. జాతీయ స్థాయిలో భారతీయ నర్సింగ్ మండలి చట్టం 1947లో వచ్చింది. నర్సింగ్ విద్యకు దేశమంతటా ఏకరూప ప్రమాణాలు నెలకొల్పడం ఆ చట్టం ఉద్దేశం. ప్రమాణాలను నిర్దేశించేది జాతీయ మండలి, వ్యక్తుల పేర్లను నమోదు చేసేది రాష్ట్ర మండలి అన్న విభజన అప్పటినుండి కొనసాగుతూ వచ్చింది.

ఈ విధానంలో ఒక లోపం కాలక్రమంలో బయటపడింది. ఒకసారి నమోదైన పేరు దశాబ్దాల తరబడి జాబితాలో ఉండిపోయేది. ఉద్యోగ విరమణ చేసినవారు, వృత్తి మానివేసినవారు, విదేశాలకు వెళ్లినవారు, మరణించినవారి పేర్లు కూడా అందులో చేరి ఉండేవి. వాస్తవంగా ఎందరు సేవలందిస్తున్నారో తెలుసుకొనే మార్గం ఉండేది కాదు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు భారతీయ నర్సింగ్ మండలి ‘నర్సెస్ రిజిస్ట్రేషన్ అండ్ ట్రాకింగ్ సిస్టమ్’ను ప్రవేశపెట్టింది. ఆధార్ ఆధారంగా ప్రతి నర్సుకు, ఏఎన్ఎంకు, లేడీ హెల్త్ విజిటర్‌కు జాతీయ విశిష్ట గుర్తింపు సంఖ్యను కేటాయించి, సజీవ రిజిస్టరును రూపొందించడం ఈ వ్యవస్థ లక్ష్యం.

రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలని, అందుకు ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య అవసరమని మండలి నిర్దేశించింది. మండలి రూపొందించిన నైతిక నియమావళి, వృత్తి ప్రవర్తనా నియమావళి కూడా ఈ భావననే బలపరుస్తున్నాయి. రోగి గౌరవాన్ని, గోప్యతను కాపాడటం, సమాచారం తెలుసుకొనే రోగి హక్కును మన్నించడంతో పాటు, తన నైపుణ్యాన్ని నిలుపుకోవడం, నిరంతర విద్యకు విలువనివ్వడం కూడా నర్సు వృత్తి ధర్మంగా అందులో పేర్కొనబడింది.

2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఈ రంగంలో మరొక ముఖ్య ఘట్టం. 1947 నాటి చట్టం స్థానంలో రూపొందిన ఈ చట్టం 29 మంది సభ్యులతో జాతీయ కమిషన్‌ను, విద్యకు, సంస్థల మదింపుకు, నైతికత మరియు నమోదుకు వేర్వేరుగా మూడు స్వయంప్రతిపత్తి గల బోర్డులను ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. రాష్ట్ర చట్టం క్రింద అటువంటి కమిషన్ లేనిచోట ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక రాష్ట్ర కమిషన్‌ను నెలకొల్పవలసి ఉంటుంది. వృత్తి ప్రవర్తనా నియమావళిని అమలుపరచడం, రాష్ట్ర రిజిస్టరును నిర్వహించడం దాని విధులు. జాతీయ లేదా రాష్ట్ర రిజిస్టరులో నమోదు కాకుండా అర్హత గల నర్సుగా వృత్తి నిర్వహించడం నేరం. అందుకు ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అవకాశమున్నది.

150 గంటలు అంటే ఎంత?

ఐదేళ్లలో 150 గంటలంటే సంవత్సరానికి 30 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున లెక్కించినట్లయితే ఏడాదికి ఐదు పనిదినాలు. వినడానికి 150 పెద్ద సంఖ్యగా తోచినప్పటికీ, ముందుచూపుతో ప్రణాళిక వేసుకుంటే ఇది భారం కాదు. పునరుద్ధరణ గడువు సమీపించిన తరువాత ఒక్కసారిగా పూర్తి చేయబూనినప్పుడే అది భారమవుతుంది. అప్పుడు విద్య కాస్తా ధ్రువపత్రాల సేకరణగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

ఇక్కడ అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. వైద్య, ఆరోగ్య శాఖ తన కార్యక్రమాల అవసరం కొద్దీ ఇచ్చే శిక్షణ వేరు. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు నర్సింగ్ మండలి లెక్కించే గంటలు వేరు. ఒక ఏఎన్ఎం సంవత్సరంలో పలుమార్లు శాఖాపరమైన శిక్షణకు హాజరై ఉండవచ్చును. ఆ శిక్షణకు మండలి గుర్తింపు ముందుగా పొందకపోయినా, హాజరును ధ్రువీకరిస్తూ పత్రం ఇవ్వకపోయినా, ఆ గంటలు ఆమె ఖాతాలో చేరకపోవచ్చును. నేర్చుకున్నది వృథా కాదు గాని, నేర్చుకున్నట్లు ఆధారం ఉండదు. ఈ రెండింటినీ అనుసంధానించడం శిక్షణ నిర్వాహకుల బాధ్యత.

నిరంతర విద్య ఎందుకు అనివార్యం?

ఏఎన్ఎం విధులు గత రెండు దశాబ్దాలలో ఎంతగా మారాయో గమనిస్తే ఈ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

ప్రసూతి సేవలు: 2005కు పూర్వం కాన్పు సమయంలో కొన్ని అత్యవసర మందులను స్వయంగా ఇచ్చే అధికారం ఏఎన్ఎంకు ఉండేది కాదు. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలు ఆ అధికారాన్ని కల్పించాయి. 2010లో వాటిని సవరించారు. వీటి ప్రకారం, బిడ్డ పుట్టిన వెంటనే, కడుపులో మరొక శిశువు లేదని నిర్ధారించుకొని, ఒక నిమిషంలోగా తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్‌ను కండరానికి ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. గర్భకోశం బిగుసుకొని, మాయ సులువుగా వెలువడి, రక్తస్రావం తగ్గడానికి ఇది తోడ్పడుతుంది. అదేవిధంగా గుర్రపువాతంతో మూర్ఛలు వచ్చిన తల్లిని పెద్దాసుపత్రికి పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదును, చెరొక పిరుదుకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, ఏఎన్ఎం ఇవ్వవచ్చును. 1990వ దశకంలో చదువుకున్న ఏఎన్ఎంకు ఈ అధికారమూ లేదు, ఆ మేరకు శిక్షణా లేదు. అందుకే మూడు వారాల నైపుణ్య ప్రసూతి సహాయక శిక్షణ ప్రవేశపెట్టబడింది. పుట్టిన వెంటనే ఏడవని బిడ్డకు శ్వాస అందించే పద్ధతిని నేర్పేందుకు 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం క్రింద రెండు రోజుల శిక్షణ ఆరంభమైంది.

టీకాలు: 2016లో రోటావైరస్ టీకాను దేశంలో తొలిగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే సంవత్సరం ఏప్రిల్ 25న దేశమంతటా మూడు రకాల వైరస్‌లు గల పోలియో చుక్కల మందు స్థానంలో రెండు రకాలు గల మందు వచ్చింది. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాలలో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. ధనుర్వాత టీకా స్థానంలో ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ ఉపయోగపడే టీడీ టీకా 2019లో ప్రవేశించింది. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు ఆరంభమయ్యాయి. పోలియో ఇంజెక్షన్‌కు 0.1 మిల్లీలీటరు మోతాదును చర్మం పొరలోనికి ఇచ్చే పద్ధతి వచ్చింది. 6, 14 వారాల వయస్సులో ఇచ్చే రెండు మోతాదులకు తోడుగా 2023 నుండి తొమ్మిది నెలల వయస్సులో మూడవ మోతాదు చేరింది. టీకా మారిన ప్రతిసారీ మోతాదు, ఇచ్చే చోటు, సూది కోణం, నిల్వచేసే పద్ధతి మారవచ్చును.

తెరిచిన సీసాల నియమం దీనికి చక్కని ఉదాహరణ. పెంటావలెంట్, టీడీ వంటి టీకాల సీసా తెరిచిన తరువాత కూడా, నిర్దేశిత షరతులకు లోబడి, 28 రోజుల వరకు వాడవచ్చును. మీజిల్స్-రుబెల్లా, బీసీజీ టీకాలను మాత్రం ద్రవంతో కలిపిన నాలుగు గంటలలోగా, లేదా ఆనాటి టీకా కార్యక్రమం ముగియగానే, ఏది ముందైతే అప్పుడు, తప్పక పారవేయాలి. వీటిలో సూక్ష్మక్రిములను నిరోధించే రసాయనం ఉండకపోవడమే కారణం. ఒకే డబ్బాలో, ఒకే చలువలో ఉండే రెండు సీసాలకు రెండు భిన్నమైన నియమాలు వర్తిస్తాయి. ఒకదాని నియమం మరొకదానికి వర్తింపజేస్తే ఒక సందర్భంలో టీకా వృథా అవుతుంది. మరొక సందర్భంలో పసిబిడ్డ ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

జీవవైద్య వ్యర్థాలు: 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఆరోగ్య సిబ్బంది అందరికీ ఉద్యోగంలో చేరినప్పుడు, ఆపై కనీసం ఏడాదికొకసారి శిక్షణ ఇవ్వడం ఆరోగ్య సంస్థల చట్టబద్ధమైన విధి. సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం రాకుండా టీకాలు వేయించడం కూడా ఆ నియమాలలో భాగమే. సూదులు తెల్లని, గుచ్చుకోని డబ్బాలో, సూది తొలగించిన సిరంజీలు ఎర్ర సంచిలో, గాజు సీసాలు నీలిరంగు గుర్తు గల పెట్టెలో వేయాలి. నిరంతర విద్య ఏఎన్ఎం ఆరోగ్యాన్ని కూడా కాపాడుతుందని దీనివలన స్పష్టమవుతున్నది.

దీర్ఘకాలిక వ్యాధులు: 30 సంవత్సరాలు పైబడిన వారికి రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య సేవలలో భాగమయ్యాయి. తల్లీబిడ్డల సంరక్షణకే శిక్షణ పొందిన తరానికి ఇది పూర్తిగా క్రొత్త బాధ్యత.

ఒక హెచ్చరిక

2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన విషాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. టీకాలు వేసిన తరువాత జ్వరం రాకుండా ఇచ్చే పారాసెటమాల్‌కు బదులు, తీవ్రమైన నొప్పులకు పెద్దలు వాడే ట్రమడాల్ మాత్రలు పసిబిడ్డలకు అందాయి. పలువురు శిశువులను నీలోఫర్ ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చింది, ప్రాణనష్టమూ సంభవించింది.

ఈ ఘటనలో ఎవరి బాధ్యత ఎంత అన్న చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అది నేర్పిన పాఠం మాత్రం ప్రస్తావించదగినది. లోపం టీకాలో లేదు. ఔషధాలను నిల్వచేసే గది నుండి తల్లి చేతికి చేరే వరకు మందు పట్టీ మీది పేరును చదివి సరిచూడవలసిన ఏదో ఒక దశ తప్పిపోయింది. సరైన వ్యక్తి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు సూత్రాలను నర్సింగ్ విద్యార్థులు తొలి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. ఏళ్ల తరబడి ఒకే పని చేసేవారిలో, రద్దీ అధికంగా ఉన్న రోజున, కన్ను చదవడం మానివేసి చేయి అలవాటుగా సాగిపోతుంది. నిరంతర విద్య అంటే క్రొత్త విషయాలు నేర్చుకోవడం మాత్రమే కాదు. తెలిసిన జాగ్రత్తను మరల మరల గుర్తుచేసుకోవడం కూడా.

ఫలితాలు చెబుతున్నది ఇదే

నమూనా నమోదు వ్యవస్థ గణాంకాల ప్రకారం 2001-03లో దేశంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 301 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో 195గా ఉన్న మాతృ మరణాల నిష్పత్తి 2018-20లో ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43గా నమోదైంది. ఆసుపత్రి కాన్పులు పెరగడం, 108 వాహన సేవలు, రక్తహీనతపై శ్రద్ధ మొదలైన పలు చర్యల సమష్టి ఫలితమిది; ఏ ఒక్కదానికో ఈ ఘనతను ఆపాదించలేము. అయితే వీటిలో ప్రతి చర్యకూ తొలి మెట్టు గ్రామంలోనే ఉన్నది. రక్తహీనతను గుర్తించి, అధిక రక్తపోటును కనిపెట్టి, ఆ తల్లిని సకాలంలో ఆసుపత్రికి చేర్చే ఏఎన్ఎం లేనిదే తరువాతి మెట్లు అందవు.

మిగిలిన మరణాలను నివారించడం ఇప్పటివరకు సాధించిన దానికంటె కష్టతరం. ఏ ప్రమాదసూచన లేని తల్లికి అకస్మాత్తుగా సంభవించే విపత్తును ఎదుర్కోవాలంటే సౌకర్యాలతో పాటు నిపుణత కూడా ఆ క్షణంలో అందుబాటులో ఉండాలి. నిరంతర విద్య ప్రాధాన్యం ఇక్కడే ఉన్నది.

క్షేత్రస్థాయి ఇబ్బందులు

నియమం ఎంత ఉత్తమమైనదైనా, అమలులో ఎదురయ్యే ఇబ్బందులను విస్మరించరాదు. ఉపకేంద్రంలో ఏఎన్ఎం శిక్షణకు వెళ్లిన రోజున ఆమె పని చేసేవారు కరువవుతారు. బుధ, శనివారాలలో టీకా కార్యక్రమాలు, మిగిలిన రోజులలో గృహసందర్శనలు, రికార్డులు, ఆన్‌లైన్ నమోదులతో ఆమె దినచర్య నిండిపోయి ఉంటుంది. ఏజెన్సీ గ్రామాలలో పనిచేసేవారికి జిల్లా కేంద్రానికి రాకపోకలకే ఒక రోజు పట్టవచ్చును. కాంట్రాక్టు పద్ధతిలో ఉన్నవారికి శిక్షణ కాలంలో వేతనం, ప్రయాణ భత్యం విషయంలో సందేహాలు కలుగుతాయి. నేర్చుకోవాలన్న కోరిక ఉన్నప్పటికీ అవకాశం లేని ఏఎన్ఎంను నిర్లక్ష్యపరురాలిగా పరిగణించడం న్యాయం కాదు.

2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ ఆరంభమైనప్పుడు పెద్ద సంఖ్యలో ఏఎన్ఎంలు సచివాలయాల స్థాయిలో నియమితులయ్యారు. దీర్ఘకాల అనుభవం గల ఏఎన్ఎంలు, క్రొత్తగా చేరిన యువతులు ఒకే మండలంలో పనిచేస్తున్నారు. మొదటివారికి నూతన మార్గదర్శకాలు, రెండవవారికి చేతి నైపుణ్యం అవసరం. అందరినీ ఒకే గదిలో కూర్చుండబెట్టి ఒకే ఉపన్యాసం వినిపించడం వలన ఇరువురికీ ప్రయోజనం స్వల్పమే. నైపుణ్య ప్రయోగశాలలో నమూనా బొమ్మపై చేయించి చూసే శిక్షణ ఇరువర్గాలకూ ఉపయోగపడుతుంది.

ఆన్‌లైన్ శిక్షణ దూరభారాన్ని తగ్గిస్తుంది. జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ 2023లో ప్రారంభించిన ‘సాక్షమ్’ వేదిక ఈ దిశగా ఒక ప్రయత్నం. టీకా షెడ్యూలు, వ్యర్థాల వర్గీకరణ వంటి విషయాలకు ఈ పద్ధతి అనువైనది. మాయ వెలువడే వేళ చేతి కదలిక ఎట్లుండాలో, శ్వాస తీయని బిడ్డకు సంచి-ముసుగుతో గాలి ఎట్లు అందించాలో తెరపై చూసి తెలుసుకోవచ్చును గాని, చేసి చూడనిదే అలవడదు. అందువలన గంటల సంఖ్యతో పాటు అవి ఏ విధమైన గంటలన్నది కూడా ముఖ్యం.

అధికారులు శ్రద్ధ వహించవలసిన అంశాలు

1. ప్రతి ఏఎన్ఎం రిజిస్ట్రేషన్ సంఖ్య, పునరుద్ధరణ గడువు, పూర్తిచేసిన విద్యా గంటల వివరాలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఒక పట్టికను నిర్వహించి, ఆరు నెలలకొకసారి సమీక్షించాలి.

2. శిక్షణ కార్యక్రమాలకు నర్సింగ్ మండలి గుర్తింపును ముందుగానే పొంది, ముగింపు రోజునే ధ్రువపత్రాలు అందజేయాలి.

3. టీకా దినాలను మినహాయించి శిక్షణ తేదీలను నిర్ణయించాలి. శిక్షణకు వెళ్లిన ఏఎన్ఎం స్థానంలో ప్రక్క ఉపకేంద్రం నుండి ఎవరు వస్తారన్నది ఉత్తర్వులోనే పేర్కొనాలి.

4. శిక్షణకు ముందు, తరువాత నైపుణ్యాన్ని పరీక్షించాలి. హాజరుపట్టీని ఫలితంగా పరిగణించరాదు.

5. నెలవారీ సమావేశాలలో లక్ష్యాల సమీక్షతో పాటు కనీసం అరగంట సమయాన్ని ఒక నైపుణ్యానికి గాని, ఆ నెలలో ఎదురైన ఒక క్లిష్ట సందర్భానికి గాని కేటాయించాలి. తప్పిదాన్ని నిర్భయంగా చెప్పుకొనే వాతావరణం ఉంటేనే అది పునరావృతం కాదు.

6. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లలో పనిచేసే సిబ్బంది రిజిస్ట్రేషన్‌ను తనిఖీల సందర్భంగా పరిశీలించాలి.

పాత్రికేయ మిత్రులకు

ఆరోగ్య వార్తలలో ‘నర్సు’ అన్న ఒక్క పదంతో పలు హోదాలను సూచించడం పరిపాటి. దీనివలన బాధ్యతల విషయంలో పాఠకులకు అపోహ కలుగుతున్నది. జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసినవారు రిజిస్టర్డ్ నర్సులు. ఏఎన్ఎం కోర్సు పూర్తి చేసినవారు రిజిస్టర్డ్ ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్‌లు. 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పేరు మారిన ఆరోగ్య, స్వస్థత కేంద్రాలలో సేవలందించే సామాజిక ఆరోగ్య అధికారులు ప్రత్యేక శిక్షణ పొందిన మధ్యస్థాయి సిబ్బంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా వచ్చిన ఆశా కార్యకర్తలు గ్రామానికి, ఆరోగ్య వ్యవస్థకు వారధులు. వారు నర్సులు కారు. టీకా వేయడం వారి విధి కాదు. ఒక ఘటనపై వార్త వ్రాసేటప్పుడు సంబంధిత వ్యక్తి హోదా, రిజిస్ట్రేషన్, పొందిన శిక్షణలను విచారించినట్లయితే, లోపం వ్యక్తిదా, వ్యవస్థదా అన్నది ప్రజలకు అర్థమవుతుంది. ‘నర్సు నిర్లక్ష్యం’ అన్న శీర్షికతో ఆగిపోయిన వార్త తరువాతి ప్రమాదాన్ని నివారించలేదు.

ముగింపు

రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం ఒక వ్యక్తి ఒకనాడు నిర్దిష్ట ప్రమాణాన్ని అందుకున్నారని మాత్రమే చెబుతుంది. ఆ ప్రమాణం నేటికీ నిలిచి ఉన్నదని చెప్పేది పునరుద్ధరణ. దానికి ఆధారం నిరంతర విద్య. చట్టం గంటలను నిర్దేశించగలదు. ఆ గంటలను అర్థవంతం చేయవలసింది శిక్షకులు, అవకాశం కల్పించవలసింది అధికారులు, వినియోగించుకోవలసింది ఏఎన్ఎంలు. సంవత్సరానికి 30 గంటలు ఒక ఉద్యోగి పనివేళలలో స్వల్ప భాగం. కాన్పు గదిలో ఎదురయ్యే ఆ ఒక్క గంటకు ఆమెను సంసిద్ధురాలిని చేసేందుకు వెచ్చించే ఈ సమయాన్ని ఖర్చుగా గాక, గ్రామంలోని ప్రతి తల్లికి ఇచ్చే భరోసాగా పరిగణించవలసి ఉన్నది.